ఆదివారం పాలు

కోమలను పాలు పరీక్షించే బల్ల దగ్గరి నుంచి లేపి క్యాన్లు కడిగే తొట్టి దగ్గరికి పంపిన రోజు విజయేందర్ అక్కడే ఉన్నాడు. చొప్పదండి పాలకేంద్రంలో అప్పటికి ఇద్దరూ చిన్న ఉద్యోగులే. ఎండలు ముదిరిన కాలం. ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి ఇంటి పాలను ఆమె గొట్టంలో పోసి కాచి చూసింది. విరిగాయి. ఆ క్యాన్‌ను పక్కన పెట్టించింది. కాసేపటికి మేనేజర్ ప్రేమ్‌సాగర్ ఫోన్ చెవికి ఆనించుకునే బయటికి వచ్చి "కలిపెయ్" అన్నాడు. ఆమె కలపలేదు. ఆయనే క్యాన్ ఎత్తి ట్యాంకులో వంపేశాడు. మర్నాడు కరీంనగర్ చేరేసరికి ట్యాంకు మొత్తం పులిసిపోయింది.

ఎవరి తప్పో తేల్చడానికి పైనుంచి ఒక ఆఫీసరు వచ్చాడు.

"టెస్టింగ్ పిల్ల చూసుకోలే సార్," అన్నాడు ప్రేమ్‌సాగర్.

"మీరే మీ చేతులతోటి పోసిండ్రు కద సార్," అంది కోమల.

"నేనా? నాకు నడుము నొప్పి బిడ్డా. నా టిఫిన్ గిన్నె గూడ నేనెత్తను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. విజయేందర్ నవ్వలేదు. అలాగని నోరూ విప్పలేదు. ఆ సాయంత్రం నుంచే కోమల తొట్టి దగ్గర కూర్చుంది. క్యాన్లు తోమే సోడా నీళ్ళకు చేతులు పగిలి, అన్నం కలుపుకుంటే మండుతుందని చెంచాతో తినేది.

ఆ రోజుల్లో విజయేందర్‌కు ఆమె అంటే చాలా అభిమానం. అన్యాయమైపోయిన మనిషిని అభిమానించడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. మధ్యాహ్నం తన ఛాయ్‌లో సగం ఆమెకు పోసేవాడు. ఇంటర్‌తో ఆపేసిన చదువును దూరవిద్యలో ఎలా పూర్తి చేస్తున్నాడో చెప్పేవాడు. కరీంనగర్ బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద కొనుక్కున్న మేనేజ్‌మెంట్ పుస్తకాల గురించి చెప్పేవాడు. సంస్థలు ఎందుకు కుంటుతాయి, పనివాళ్ళు మనసు పెట్టి ఎందుకు పనిచేయరు అని అతను ఏకరువు పెడుతుంటే ఆమె క్యాన్ లోపలికి చెయ్యి పెట్టి తోముతూ "ఊఁ" కొట్టేది. అలా ఊఁ కొట్టే మనిషి అతని బతుకులో అంతకు ముందు లేదు, ఆ తర్వాతా దొరకలేదు.

తర్వాత అతన్ని కరీంనగర్ ప్లాంటుకు మార్చి షిఫ్టు ఇన్‌చార్జిని చేశారు. ఏళ్ళు గడిచాయి. అతను ఆ కుర్చీలోనే ఉండిపోయాడు. ప్రేమ్‌సాగర్ మాత్రం ఎదిగి, పాల సేకరణ మొత్తానికి పెద్ద అధికారి అయ్యాడు. ఒకరోజు ప్లాంటు గేటు దగ్గర హెల్మెట్ తీస్తూ కోమల కనబడింది. డిగ్రీ పూర్తి చేసిందట. చొప్పదండి రూటుకు సూపర్‌వైజర్‌గా వచ్చిందట.

"నువ్వు చెప్పిన ముచ్చట్లకే చదువు మీద పానం పోయింది విజయన్నా," అంది.

అతను సంతోషపడ్డాడు. నిజంగానే పడ్డాడు. ఆ సంతోషం అడుగున ఏదో సన్నగా గీరుకుంది. దాని పేరేమిటో అప్పటికి అతను పట్టించుకోలేదు.

పేరు తెలియడానికి ఖానాపూర్ కారణమైంది. అక్కడ పెద్ద పాలకేంద్రం కడుతున్నారనీ, దానికి ఒక మేనేజర్ కావాలనీ తెలిసింది. ఖానాపూర్ విజయేందర్ అత్తగారి ఊరు. పెళ్ళయిన నాటి నుంచి అతని మామ చుట్టాలకు అల్లుణ్ణి పరిచయం చేసేటప్పుడు "పాల దాంట్ల చేస్తడు" అని మాట తొందరగా దాటేసేవాడు. ఇంకో అల్లుడి గురించైతే ఎంతసేపైనా చెబుతాడు, అతను బ్యాంకులో పనిచేస్తాడు గనక. ఆ ఊరికి ఒక్కసారి మేనేజరై పోవాలి. మామ ఇంటి ముందు నుంచే రోజూ కంపెనీ జీపు పోవాలి. విజయేందర్ భార్య నిఖితకు కూడా అదే ఆశ. రాత్రి రొట్టెలు చేస్తూ "ఖానాపూర్ల మనకు కిరాయి ఇల్లు ఎందుకు, మా బాపు పక్క పోర్షన్ ఖాళీనే ఉన్నది," అనేది. "వాళ్ళ పక్కన ఉండుడేంది? కంపెనీ ఇల్లిస్తది," అనేవాడతను. ఆర్డరు చేతికి రాకముందే ఇంటి గురించి మొగుడూ పెళ్ళాలు రెండుసార్లు పోట్లాడుకున్నారు కూడా.

అప్పుడే డెయిరీ యజమాని కొడుకు వరంగల్ నుంచి కరుణాకర్ అనే ఆయన్ను తీసుకొచ్చాడు. కాలేజీలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే మనిషి. కానీ వచ్చినరోజే విజయేందర్, కోమలలతో కలిపి ఆరుగురిని ఒక గదిలో కూర్చోబెట్టి, పాఠం రాసే బోర్డు తీయించి గోడకు ఆనించాడు.

"నేను క్లాసు చెప్పను. ఖానాపూర్‌కు మేనేజర్‌ను మీ ఆరుగురిలోంచే తీద్దామని అనుకుంటున్నరు. ప్రతి ఒక్కరు మీ పనిలో మిమ్మల్ని సతాయిస్తున్న ఒక్క సంగతి తీసుకోండి. దాని మీద ఏదన్న చేసి చూడండి. ఏమైందో శుక్రవారం ఇక్కడ చెప్పండి. మళ్ళ చేసి చూడండి. ఒకటే కట్టుబాటు. వినేటోళ్ళు సలహా ఇయ్యద్దు. 'నేనైతే ఇట్ల చేస్త' అనద్దు. ప్రశ్న మాత్రమే అడగాలె."

ప్యాకింగ్‌లో తల నెరిసిన రాజయ్య చెయ్యి ఎత్తాడు. "సార్, సలహా ఇయ్యకుంట ఇంతమంది మొగోళ్ళు ఒక్కతాన కూసుంటే కడుపు ఉబ్బుతది."

అందరూ నవ్వారు. దానికి శుక్రవారం పంచాయితీ అని పేరు పడిపోయింది.

విజయేందర్ మొదటి శుక్రవారానికి మూడు పుస్తకాలు తిరగేసుకుని వచ్చాడు. పాల ప్యాకెట్లు కారిపోతున్న సంగతి ఎత్తుకుని, దానికి కారణాలు, చేయాల్సిన మార్పులు, ఎవరెవరు బాధ్యులు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. కరుణాకర్ చివరిదాకా విని, "బాగుంది. ఇందులో మీకు తెలియనిది ఏముంది?" అని అడిగాడు.

విజయేందర్ చెప్పిన కారణాలనే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

"తమ్మి మందు గోలీ పట్టుకొచ్చిండు సార్. ఇగ నొప్పి ఎవనికున్నదో దేవులాడాలె," అన్నాడు రాజయ్య.

ఆ నవ్వు ఆగకముందే కోమల వంతు వచ్చింది. "సోమవారం పొద్దున చొప్పదండి రూటు పాలు విరుగుతున్నయి. అన్ని సోమవారాలు కాదు, శాన సార్లు. ఆదివారం సాయంత్రం తీసుకున్న పాలే అవి. ఎందుకు విరుగుతున్నయో నాకు తెల్వది," అంది.

అంతే. ఇంకేం చెప్పలేదు. కరుణాకర్ ముందుకు వంగాడు. మిగతా వాళ్ళూ వంగారు. తెలియదు అని చెప్పినందుకు ఒక మనిషికి అంత మర్యాద దొరకడం విజయేందర్ ఎప్పుడూ చూడలేదు. తెలుసుకోవడానికే అతను కంటి చూపు పాడు చేసుకున్నాడు. పెళ్ళిలో పెట్టిన ఉంగరం అమ్మి పరీక్ష ఫీజు కట్టాడు. ఇక్కడేమో తెలియదన్న మాటకు కుర్చీ వేస్తున్నారు. కడుపులో గీరుకునే దాని పేరు అప్పుడు అతనికి స్పష్టంగా వినబడింది.

ఆమెకు తెలియని సంగతి అతనికి తెలుసు. ఆమె నోట సోమవారం అన్న మాట రాగానే తెలిసిపోయింది.

అతని ఊరు ఆ రూటులోనే ఉంది. అక్కడ రాజన్న దేవుడి మొక్కున్నవాళ్ళు ఆదివారం మధ్యాహ్నమే బయలుదేరి వేములవాడ పోతారు. రాత్రి గుడి దగ్గర పడుకుని, సోమవారం పొద్దున గుడిలో కోడెను కట్టి మొక్కు తీర్చుకుని వస్తారు. పోయే ముందు, సాయంత్రం దాకా ఆగకుండా, ఎండపొద్దునే బర్రెను పిండి, ఆ పాలను పక్కింటి వాళ్ళ క్యాన్‌లో పోసి పోతారు. పక్కింటివాళ్ళు సాయంత్రం తమ పాలు కూడా అందులోనే పిండి కేంద్రానికి తెస్తారు. మధ్యాహ్నమంతా వేడికి కాగిన పాలు, అప్పుడే పిండిన పాలు ఒక్క క్యాన్‌లో కలుస్తాయి. విజయేందర్ తల్లి దుర్గవ్వ కూడా అలాగే చేసేది. "గవి వాసనొస్తున్నయే అవ్వా," అని చిన్నప్పుడు అతనంటే నెత్తి మీద ఒక్కటి ఇచ్చింది. "రాజన్న కాడికి పోయేటోళ్ళ పాలు వద్దనద్దు. కండ్లు పోతయి." ఆ ఊళ్ళలో ఎవరూ వద్దనరు. కేంద్రంలో ఎవరైనా అడిగినా చెప్పరు. దేవుడి పని మీద పోయినవాళ్ళ మీద చాడీ చెప్పినట్టవుతుందని వాళ్ళ భయం.

ఇదంతా విజయేందర్ నాలుక చివర ఉంది. ఒక్క నిమిషంలో చెప్పేయొచ్చు. చెబితే పాలు బాగుపడతాయి, పేరు కోమలకు వస్తుంది. సలహా ఇవ్వకూడదన్న కట్టుబాటు అంత చల్లగా, అంత నీడగా అతనికి అప్పుడే కనిపించింది. దాని కిందికి జరిగి కూర్చున్నాడు.

ఊరికే కూర్చున్నా సరిపోయేది. కరుణాకర్ "విజయేందర్ గారు, మీరు ఏమన్న అడుగుతరా?" అన్నాడు.

"ఆదివారం పాల వ్యాన్ ఎక్కడెక్కడ ఆగుతదో ఎవరన్న చూసిండ్రా?" అని అడిగాడు విజయేందర్.

"మంచి ప్రశ్న," అన్నాడు కరుణాకర్.

వ్యాన్ డ్రైవర్ మల్లేష్. ఆదివారం సాయంత్రం తోవలో అక్క ఇంటి దగ్గర బండి ఆపి కల్లు తాగుతాడని ఆ రూటులో చాలామందికి తెలుసు. విజయేందర్‌కూ తెలుసు. ఎక్కువసేపేం ఆగడు. ఒక్క ముంత తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ బండెక్కుతాడు. దానివల్ల పాలు విరగవు. కానీ వెతికేవాళ్ళకు ముందు దొరికేది అదే.

మంగళవారం కోమల కోల్డ్ రూమ్ బయట అతన్ని పట్టుకుంది.

"అన్నా, మీ ఊరు గూడ గా రూటే కద. జర చెప్పు, నీకేమన్న ఎరుకనా?"

"సలహా ఇయ్యద్దని సార్ చెప్పిండు కద."

"గది శుక్రవారం ముచ్చట. ఇయ్యాల మంగళారం." ఆమె నవ్వింది.

"నేను ఊరికి పోక ఎన్నొద్దులాయె. నాకేం ఎరుక?" అని అతను బరువైన తలుపు తీసుకుని లోపలికి పోయాడు. చల్లటి గదిలో నిలబడితే చెవులు మాత్రం వేడిగా ఉన్నాయి.

ఆదివారం కోమల బండి వేసుకుని వ్యాన్ వెనకాల పోయింది. మల్లేష్ కల్లు ముంతతో దొరికిపోయాడు. ఆ మాట ఆమె శుక్రవారం చెప్పింది. చెప్పేటప్పుడు "ఇదే కారణమో కాదో" అని కూడా అంది. ఆ సగం మాట ఎవరి చెవినా పడలేదు. సాయంత్రానికి సంగతి ప్రేమ్‌సాగర్ దాకా పోయింది. ఆయన మల్లేష్‌ను తీసేసి, తన బామ్మర్ది బండిని రూటుకు పెట్టించాడు. అంత తొందరగా ఒక పని ఆ కంపెనీలో ఎప్పుడూ కాలేదు.

మల్లేష్ ఉద్యోగం పోవడం విజయేందర్ లెక్కలో లేదు. కోమల తప్పు తోవ పట్టాలి, నలుగురిలో ఒకసారి తడబడాలి, అంతే అతను కోరుకున్నది. మల్లేష్ చిన్నప్పుడు అతనితో బడికి వచ్చినవాడు. రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడో రోజు సోమవారం. చొప్పదండి పాలు మళ్ళీ విరిగాయని తెలిసింది. కోమల మొహం చూడడానికి అతను పనిలేకపోయినా పరీక్ష గది వైపు పోయాడు. ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. అతనికి ఆకలి వేసింది. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

అయిపోయిందనుకున్నాడు. ఒక మనిషి పొట్ట కొట్టి, సమస్య అలాగే ఉంచిన మనిషికి మేనేజర్ పని ఎవరిస్తారు? శుక్రవారం కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు.

కోమల కూర్చోకుండానే మొదలుపెట్టింది. "నాది తప్పు సార్. దొరికిన మనిషిని చూసి కారణం దొరికిందనుకున్న. మల్లేష్ పోయిండు, పాలు విరుగుడు మాత్రం పోలే. వ్యాన్ ఎనకాల తిరిగిన గని, పాలు పోసేటోళ్ళ ఇంట్ల ఒక్కసారన్న కూసోలే. మల్లేష్‌ను మళ్ళ తీసుకొమ్మని ప్రేమ్‌సాగర్ సారుకు చెప్పిన. కాదన్నడు. మీరు గూడ చెప్పాలె."

 ఆ ఒప్పుకోలు వింటూ విజయేందర్ కుర్చీలో తీరిగ్గా వెనక్కి వాలబోయాడు.

"మనం మొదలుపెట్టిన తర్వాత," అన్నాడు కరుణాకర్ మెల్లగా, "ఒక మనిషి తన పనిలోంచి ఏదన్న నేర్చుకున్నది ఇదే మొదటిసారి."

రాజయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ముసలాయనకు అన్నిటికీ కళ్ళు తుడుచుకోవడం అలవాటే. కానీ ఆ రోజు ఆ అలవాటు కూడా విజయేందర్‌ను పొడిచింది. ఆమె ఒప్పు చేస్తే పొగిడారు. తప్పు చేస్తే ఇంకా ఎక్కువ పొగిడారు. ఈ మనిషిని కిందపడేసే గుంత ఎక్కడుంది? తను తవ్వినదాన్ని కూడా ఆమె మెట్టు చేసుకుంది. ప్యాకెట్లు కారకుండా తను చేసిన మార్పు పనిచేసింది కూడా. ఆ మాట చెప్పాడు. "సంతోషం," అన్నాడు కరుణాకర్, అంతే. అతని పేరును ఆయన ఎప్పుడూ "గారు" చేర్చి పిలిచేవాడు. ఆమెను మాత్రం "కోమలా" అనేవాడు. మర్యాద కూడా ఒక దూరమేనని విజయేందర్‌కు అప్పుడు తెలిసింది.

ప్రేమ్‌సాగర్ తన బామ్మర్ది బండిని తీయలేదు, కరుణాకర్ చెప్పినా సరే. కోమల మాత్రం ఆ తర్వాత ఆదివారాలన్నీ ఊళ్ళలోనే గడిపింది. ఆడవాళ్ళ పక్కన కూర్చుని చిక్కుడుకాయ తుంచింది, బియ్యం ఏరింది. పాల గురించి అడగలేదట, వేములవాడకు ఎవరెవరు పోతున్నారని అడిగిందట. సంగతి దానంతటదే బయటికి వచ్చింది. మొక్కుకు పోయేవాళ్ళ పాలకు వేరే క్యాన్ పెట్టమని చెప్పి చూసింది. ఆడవాళ్ళు ముఖాలు ముడుచుకున్నారు. రాజన్న కాడికి పోయేవాళ్ళను అంటరానివాళ్ళను చేస్తావా అన్నారు. అదీ తప్పేనని శుక్రవారం చెప్పింది. చివరికి ఆ ఆడవాళ్ళే ఒక తోవ చెప్పారు. ఆదివారం వ్యాన్ ఎండపొద్దున ఒకసారి అదనంగా రావాలి. వచ్చి, "పోయేటోళ్ళ పాలు" అని కాకుండా "రాజన్న పాలు" అని కేకేయాలి. అలా అయితే ముందు పోయడం గౌరవమవుతుంది. వ్యాన్ వచ్చింది. కేక వేశారు. క్యాన్లు వాటంతటవే ముందుకు వచ్చాయి. సోమవారం పాలు విరగకుండా నిలిచాయి.

ఖానాపూర్ ఆర్డరు కోమల పేరున వచ్చింది.

ఆ రాత్రి నిఖిత రొట్టె పళ్ళెంలో పెట్టి, "ఆమె మంచిదేనా?" అని మాత్రం అడిగింది. "మంచిదే," అన్నాడు. అంతకంటే చేదు మాట ఆ ఏడాది అతని నోటి నుంచి రాలేదు. తర్వాత మామ ఫోన్ చేసి, "మా ఊరికి మేనేజరమ్మ వచ్చింది అల్లుడా. శాన కలుపుగోలు మనిషి. నీకు ఎరుకేనట కద," అన్నాడు. ఎరుకే అన్నాడు విజయేందర్. చెంచాతో అన్నం తినే రోజుల నుంచీ ఎరుకే అని అనబోయి మానుకున్నాడు. ఆ పగిలిన చేతులను అతను ఇప్పుడు ఇష్టంగా తలుచుకుంటున్నాడు. ఆ మనిషి ఆ తొట్టి దగ్గరే ఉండి ఉంటే ఇప్పటికీ తన ఛాయ్‌లో సగం పోసేవాడు కదా, ఇంత గుండె మంట ఉండేది కాదు కదా అనుకున్నాడు. అనుకున్నాక, తాను ప్రేమ్‌సాగర్ నుంచి ఎంత దూరంలో ఉన్నాడో కొలుచుకోవాల్సి వచ్చింది. కొలత నచ్చలేదు. పుస్తకం తీసి నాలుగు పేజీలు చదివాడు. ఒక్క ముక్కా ఎక్కలేదు.

కొన్నాళ్ళకు ఖానాపూర్ కేంద్రంలో పంపు సామాను పాడైతే, కొత్తది ఇచ్చి బిగించి రమ్మని అతన్నే పంపారు. మధ్యాహ్నం చేరాడు. మామ ఇంటి ముందు నుంచే జీపు పోయింది, అతను తల దించుకుని కూర్చున్నాడు. కేంద్రంలో కోమల చేతుల తడి తుడుచుకుంటూ ఎదురొచ్చింది. కుర్చీ వేయించింది. పనివాళ్ళకు "మా విజయన్న, నాకు చదువు చెప్పినాయన," అని చెప్పింది. వాళ్ళు లేచి నిలబడ్డారు. అతను పంపు దగ్గరికి పోయి కూర్చున్నాడు. నట్లు బిగించడం అయిపోయింది. అయినా బిగిస్తూనే ఉన్నాడు.

పనివాళ్ళు అన్నాలకు పోయాక ఆమె ఛాయ్ తెచ్చి పక్కన పెట్టి, అక్కడే ఒక క్యాన్ బోర్లించుకుని కూర్చుంది.

"మీ ఊరికి పోయినప్పుడు మీ అవ్వ దగ్గర గూడ కూసున్న అన్నా. 'చిన్నప్పుడు మావోడు గా పాలు చూసి ముక్కు మూసుకునేటోడు, వాణ్ని అడగకపోయినవా బిడ్డా' అన్నది. 'అడిగిన అవ్వా' అని చెప్పిన. అంతకు మించి ఏం అనలే. సారుకు చెప్పలే, ఇంకెవలకు గూడ చెప్పను. గా ఫికర్ పెట్టుకోకు."

విజయేందర్ ఛాయ్ గ్లాసు పట్టుకున్నాడు. తాగలేదు.

"మల్లేష్‌కు ఇక్కడ వ్యాన్ ఇస్తనని కబురు పంపిన. రాలే. 'నా పేరు ఆమె నోట్లెకు ఎట్లొచ్చిందో ముందు చెప్పుమను' అన్నడట. వచ్చే నెల మస్కట్ పోతుండట, వాళ్ళ అవ్వ ఒక్కతే ఏడుస్తున్నది. గా శుక్రవారం వ్యాన్ ముచ్చట ఎత్తింది నువ్వేనని నేనైతే చెప్పలే అన్నా. నువ్వే పోయి చెప్పు. నువ్వు చెప్తే వాడు ఉంటడు."